తూర్పెత్తడానికి ఇంగ్లీషు మాట

ఇంగ్లీషు రావాలంటే రోజుకు అయిదు మాటలు బట్టీ పట్టమంటారు. ఫోన్లో వీడియోలు చేసేవాళ్ళు, బస్టాండులో ముప్ఫై రోజుల పుస్తకాలు అమ్మేవాళ్ళు, ఇంట్లో పిల్లలు, అందరూ అదే చెబుతారు. రోజుకు అయిదంటే ఏడాదికి వెయ్యీ ఎనిమిది వందల పైచిలుకు. లెక్క చూడ్డానికి బాగానే ఉంటుంది. కానీ పొద్దున పట్టిన బట్టీ పొయ్యి మీద పాలు పొంగేలోపే పోతుంది. ఆ జాబితాలో మాటకు ముందూ వెనకా ఎవరూ ఉండరు. ఎవరన్నారు, ఎవరితో అన్నారు, ఏ కష్టంలో అన్నారు, ఏదీ తెలియదు. ఊరూ పేరూ చెప్పని చుట్టాన్ని ఎన్నాళ్ళని గుర్తు పెట్టుకుంటాం?

ఇంట్లో ఉండే ఆడవాళ్ళకు ఇంగ్లీషు మాటలు నేర్పే పంతులు నవలే అంటాను నేను. ఏ నవలంటే ఆ నవల కాదు, మనకు తెలిసిన బతుకున్న నవల. వస్తువు మనకు ముందే తెలిసి ఉంటే, కొత్తగా నేర్చుకోవాల్సింది దాని పేరు మాత్రమే. సగం పని తగ్గినట్టే కదా.

నేను బీఏలో తెలుగు చదివాను. ఛందస్సు, అలంకారాలు, ప్రబంధాలు ఇష్టంగానే చదివాను. జనరల్ ఇంగ్లీషు మాత్రం గైడు పుణ్యమా అని గట్టెక్కింది, మా క్లాసులో అందరిదీ అదే దారి. పెళ్ళయి గుమ్మఘట్టకు వచ్చాక ఇక ఇంగ్లీషుతో పనేముంది అనుకుంటాం. పనంతా అప్పుడే మొదలవుతుంది. మందుల అట్ట మీద ఇంగ్లీషు, పిల్లల స్కూలు డైరీలో ఇంగ్లీషు, కరెంటోళ్ళ మెసేజీ ఇంగ్లీషు. మా పొదుపు సంఘానికి అప్పిచ్చేటప్పుడు తెచ్చిన నాలుగు పేజీల కాగితం కూడా ఇంగ్లీషే. "ఇందులో ఏముంది సార్?" అంటే, "మీకర్థం కాదులేమ్మా, ఇక్కడ సంతకం పెట్టండి" అన్నాడాయన. నాకర్థం కాదని ఆయనకెట్లా తెలిసిందో మరి. మా ఇంట్లోవాళ్ళకూ అట్లాగే తెలుసు. "అమ్మకు ఇంగ్లీషు రాదు" అనే మాట మా చిన్నోడు "అమ్మకు కారు నడపడం రాదు" అన్నంత తేలిగ్గా అంటాడు.

నా చేతికొచ్చిన నవల పేరు 'ద గుడ్ ఎర్త్'. అనంతపురంలో చదువుకుంటున్న మా పెద్దమ్మాయి పాత పుస్తకాల్లో కొని, ఎండాకాలం సెలవులకు వచ్చినప్పుడు ఇంట్లో వదిలేసి పోయింది. రాసింది పెర్ల్ బక్ అనే అమెరికా ఆవిడ. 1931లో అచ్చయింది, మరుసటేడు పులిట్జర్ బహుమతి వచ్చింది, 1938లో ఆవిడకు నోబెల్ బహుమతి కూడా ఇచ్చారు. తల్లిదండ్రులు మతప్రచారానికి చైనా వెళ్ళినవాళ్ళు, ఆవిడ అక్కడే ఇంగ్లీషుతో పాటు చైనా భాష మాట్లాడుతూ పెరిగింది. మొదటి భర్త చైనా సేద్యాన్ని అధ్యయనం చేసినాయన. అందుకేనేమో కథంతా మట్టి చుట్టూ తిరుగుతుంది, వాక్యాలు కూడా గొప్పలకు పోకుండా ఉంటాయి. వాంగ్ లుంగ్ అనే బీద రైతు, ఓలన్ అనే భార్య. ఓలన్‌ను చిన్నప్పుడే కరువులో తల్లిదండ్రులు ఒక పెద్దింటికి దాసీగా అమ్మేసి ఉంటారు. ఆ ఇంటినుంచే ఆమె వాంగ్ లుంగ్‌కు పెళ్ళామై వస్తుంది.

మధ్యాన్నం అంట్లు తోమి, పిల్లలు బడి నుంచి వచ్చేలోపు దొరికే గంటలో చదివేదాన్ని. ఒక నియమం పెట్టుకున్నాను. ఒక మాట మూడుసార్లు ఎదురయ్యేదాకా నిఘంటువు తెరవకూడదు. మొదటిసారి అది ఎవరో పరాయివాళ్ళు. రెండోసారి ఎక్కడో చూసిన ముఖం. మూడోసారికి సగం అర్థమై ఉంటుంది, నిఘంటువు అవుననో కాదనో చెబుతుంది, అంతే. మాటమాటకూ నిఘంటువు తీస్తే కథ చచ్చిపోతుంది, కథ చస్తే మాటా చస్తుంది. ఇంకో సంగతి, నిఘంటువుకని డబ్బు పెట్టాల్సిన పని లేదు. ఆంధ్రభారతి అనే వెబ్‌సైటులో శంకరనారాయణ నిఘంటువు, బ్రౌను నిఘంటువు రెండూ ఉన్నాయి, ఫోన్లోనే చూసుకోవచ్చు.

కథలో మూడో నాలుగో ఏటికి వాన రాదు. ఆ పేజీలు చదువుతుంటే నాకు నిఘంటువు అక్కరే రాలేదు. ఏడాదికి 550 మిల్లీమీటర్లు పడితే మహాభాగ్యమనుకునే జిల్లా మాది. మబ్బు వచ్చి, ఊరించి, కర్ణాటక వైపు పోవడం మేం చూడనిదా? అక్కడ నాకు రెండు మాటలు తగిలాయి. ఒకటి డ్రౌట్, ఇంకొకటి ఫ్యామిన్. మొదటిది వాన రాకపోవడం. రెండోది తిండి లేకపోవడం. ఇంగ్లీషువాడు రెంటికీ వేరువేరు పేర్లు పెట్టుకున్నాడు. మనం నోటితో రెంటినీ కరువే అంటాం. అనావృష్టి, క్షామం అని పుస్తకాల్లో ఉన్నాయి గానీ మా ఊళ్ళో ఎవరైనా "ఈ ఏడు అనావృష్టి అక్కా" అంటే నవ్వుతారు. వాన లేకపోయినా కరువు, బువ్వ లేకపోయినా కరువు, చివరికి ధరలు పెరిగాయని ఉద్యోగులకిచ్చేది కూడా కరువు భత్యం.

రెండు మాటలు విడివిడిగా చూశాకే మా అవ్వ చెప్పిన సంగతులు నాకు సరిగ్గా కుదురుకున్నాయి. ధాత కరువు గురించి వాళ్ళ పెద్దవాళ్ళు చెప్పింది ఆమె మాకు చెప్పేది. అది 1876-78 నాటి కరువు. అప్పుడు మా రాయదుర్గం తాలూకా బళ్ళారి జిల్లాలో ఉండేది, 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చినప్పుడు ఇటు కలిసింది. అప్పటిది ఫ్యామిన్. జనం దారుల వెంట చచ్చిపోయారు. అవ్వ తన చిన్నప్పుడు, 1952లో, గంజి కేంద్రం దగ్గర ముంత పట్టుకుని నిలబడింది. ఆ గంజికి కూడా నవలలోనే మాట దొరికింది, గ్రూయెల్. మా కాలంలో వాన ఎన్ని ఏళ్ళు పోయిందో లెక్కే లేదు, శెనక్కాయ చేలు చెట్టు మీదనే ఎండిపోయాయి, జనం బెంగళూరుకు పోయారు, అప్పులకు తట్టుకోలేక ప్రాణాలు తీసుకున్న రైతులున్నారు. అయినా గంజి కోసం ముంత పట్టుకుని నిలబడలేదు. రేషన్ బియ్యం ఉంది. ఉపాధి పని ఉంది, అది దేశంలో మొదలైంది కూడా మా జిల్లాలోనే, నార్పల మండలం బండ్లపల్లిలో, 2006 ఫిబ్రవరి 2న. డ్రౌట్ వచ్చినంత మాత్రాన ఫ్యామిన్ రానక్కరలేదు. వాన మన చేతిలో లేదు, బువ్వ సంగతి మాత్రం మనుషుల చేతిలో ఉంది. బీఏ చదివిన నేను ఈ తేడాను కరువు అనే ఒక్క మాట కింద ఇన్నేళ్ళూ కలిపే మోశాను. రోజుకు అయిదు మాటల పుస్తకం ఈ రెంటినీ ఒకే పేజీలో పక్కపక్కనే అచ్చేసినా, ఇదంతా చెప్పేది కాదు.

(డ్రౌట్ స్పెల్లింగు గురించి మాత్రం నన్నడక్కండి. ఓ, యూ, జీ, హెచ్ అని నాలుగక్షరాలు వరసగా కూర్చుంటాయి. ఇక్కడ ఔ అంటాయి, త్రూలో ఊ అంటాయి, ఇనఫ్‌లో అఫ్ అంటాయి. మన అక్షరాలెంత బుద్ధిమంతులో అప్పుడు తెలుస్తుంది.)

అసలు చెప్పాలనుకున్నది విన్నో అనే మాట గురించి. పెళ్ళయిన కొత్తలో వాంగ్ లుంగ్, ఓలన్ పంట కోసి, నూర్చి, ధాన్యాన్ని వెదురు చేటల్లోకి ఎత్తి గాలికి పోస్తారు. గింజ కింద పడుతుంది, పొట్టు ఎగిరిపోతుంది. చదవగానే నా ముక్కులోకి కొర్ర పొట్టు పోయినట్టయింది. మా అవ్వ కళ్ళంలో ఎత్తు మీద నిలబడి, గాలి కోసం కాచుకుని, గాలి రాగానే చేట ఒంచేది. పుస్తకాల్లో తూర్పారబట్టడం అంటారు, మా పక్క తూర్పెత్తడం.

ఆ సాయంత్రం మా చిన్నోడిని అడిగాను, విన్నో అంటే ఏందిరా అని. వాడు ఆరో తరగతి, ఇంగ్లీషు మీడియం. ఠక్కున అప్పజెప్పాడు: మిశ్రమంలో బరువైనవాటినీ తేలికైనవాటినీ గాలి సాయంతో వేరు చేసే పద్ధతి. రెండు మార్కుల ప్రశ్నంట. "ఎప్పుడన్నా చూసినావా?" అంటే, "పుస్తకంలో బొమ్మ ఉంది మా" అన్నాడు. తూర్పెత్తడం అంటే? తెలీదు. చేటలో చెరగడం రోజూ నా దగ్గర చూస్తూనే ఉన్నాడు, దానికీ విన్నోకీ సంబంధముందని వాడికి తోచలేదు.

వాడి దగ్గర మాట ఉంది, పని లేదు. నా దగ్గర పని ఉంది, మాట లేదు. ఆ రోజు ఇద్దరం వసారాలో కూర్చుని కందిపప్పు ముందు పెట్టుకున్నాం. చెరగడం ఒకటి, తూర్పెత్తడం ఇంకొకటి, జల్లెడ పట్టడం మూడోది, బియ్యం నీళ్ళలో ఆడించి రాళ్ళు తీసే గాలించడం నాలుగోది. ఇంగ్లీషులో మొదటి రెంటికీ కలిపి విన్నో ఒక్కటే. మూడోదానికి సిఫ్ట్ ఉంది. నాలుగోదానికి ఒక్క ముక్కలో చెప్పే మాట వాడి పుస్తకంలోనూ లేదు, నా నవలలోనూ లేదు. "అంటే మనకే ఎక్కువున్నాయా?" అని వాడు ఆశ్చర్యపోయాడు. ఆ ఆశ్చర్యం నాకు చాలా ఇష్టమైంది.

2019లో సర్కారు బడుల్లో ఇంగ్లీషు మీడియం జీఓ వచ్చినప్పుడు ఎంత రభస జరిగిందో మీకు గుర్తుండే ఉంటుంది. కోర్టు దాకా పోయింది. మరుసటేడు పిల్లలకు ఒక పేజీలో ఇంగ్లీషు, ఎదురు పేజీలో తెలుగు ఉన్న పుస్తకాలు వచ్చాయి. ఆ ఆలోచన మంచిదే, నేను కాదనను. కానీ రెండు పేజీల మధ్య ఒక మనిషి కూర్చోవాలి. ఈ మాట ఆ మాటే నాయనా, ఇదిగో మనింట్లో ఉన్నది ఇదే, అని చూపించే మనిషి. చాలా ఇళ్ళల్లో ఆ మనిషి అమ్మే కావాలి, ఇంకెవరికి తీరిక ఉంది? అమ్మ దగ్గర తెలుగు మాట, అసలు వస్తువు రెండూ ఉన్నాయి. ఇంగ్లీషు మాట ఒక్కటి చేతికొస్తే చాలు. తెలుగు బీఏ చదివి ఇంగ్లీషు నవలేంది అని నన్ను వెక్కిరించిన చుట్టాలున్నారు. ఈ నవల వల్ల నా ఇంగ్లీషు ఎంత పెరిగిందో గానీ, మా ఇంట్లో తెలుగు మాత్రం పెరిగింది.

ఇట్లా సాహిత్యం పట్టుకుని పరాయి భాషలోకి దిగడం మా సీమకు కొత్త కాదు. సి.పి. బ్రౌను 1820లో కడపకు ఉద్యోగానికొచ్చాడు, అప్పటికి ఆయనకు ఇరవై ఒక్కేళ్ళు. పరీక్షల తెలుగు ఆయనకు ముందే వచ్చు. తెలుగు మీద మోజు పుట్టించింది మాత్రం వేమన. పద్యాలు వెతికించి, పోగుచేసి, ఇంగ్లీషు అర్థాలతో 1829లో అచ్చేశాడు. ఆ వేమన సమాధి ఉందని చెప్పుకునే కటారుపల్లి మా ఉమ్మడి అనంతపురం జిల్లాలోదే. తర్వాత ఆయన కట్టిన నిఘంటువులో పండితుల మాటలతో పాటు సంసారుల మాటలూ, సేద్యం మాటలూ ఉన్నాయి. దొరవారికి పండితులున్నారు, జీతాలిచ్చి పక్కన కూర్చోబెట్టుకున్నారు. మనకు ఆ వసతి లేదు, మధ్యాన్నం గంట మాత్రం ఉంది. మాటలు అటు నుంచి ఇటే వస్తాయని కూడా అనుకోకండి. ఇంగ్లీషులో బ్యాండికూట్ అంటారే, అది మన పందికొక్కే. శెనక్కాయ మూటలు కొరికేసే ఆ పాపిష్టిది మన భాషలోంచి అక్కడిదాకా పోయింది.

కొన్ని మాటలు నిఘంటువులో చూస్తే ఏమీ కావు. కాంకుబైన్ అంటే ఉంపుడుగత్తె అని ఉంటుంది, ఒక్క ముక్క. నవలలో ఆ మాట వాంగ్ లుంగ్ ఇంటిదాకా రావడానికి ముందు బోలెడు కథ జరుగుతుంది. కరువులో ఓలన్ పిల్లలతో అడుక్కుంటుంది, చాపలు కుట్టి గుడిసె వేస్తుంది, ఒక ధనవంతుడి ఇంటి గోడలో దాచిన నగలు ఆమెకే దొరుకుతాయి. ఆ నగలతోనే ఆ సంసారం లేచి నిలబడుతుంది. అన్నీ మొగుడి చేతిలో పెట్టి, రెండు చిన్న ముత్యాలు మాత్రం ఉంచుకోనీ అని అడుగుతుంది. పెట్టుకోవడానికి కూడా కాదు, దగ్గరుంటే చాలంటుంది. భూములు పెరిగాక, డబ్బు చేరాక, వాంగ్ లుంగ్ లోటస్ అనే ఆమె మోజులో పడతాడు. ఒకరోజు ఓలన్ బట్టలుతుకుతుంటే వచ్చి ఆ రెండు ముత్యాలూ ఇమ్మంటాడు. ఆమె ఇచ్చేస్తుంది. మళ్ళీ బట్టలు బాదుతూ ఉంటుంది, కన్నీళ్ళు కారుతున్నా తుడుచుకోదు.

పెర్ల్ అంటే ముత్యం అని మూడో తరగతి పిల్లకూ తెలుసు, నాకూ తెలుసు. ఆ పేజీ చదివాక మాత్రం పెర్ల్ అన్న మాట వినబడితే నాకు ఉతుకుడు బండ కనబడుతుంది. వచ్చిన మాటనే మళ్ళీ నేర్చుకోవడమంటే అదే. ఆ రోజు సాయంత్రం మా ఇంటాయన "ఏందట్లున్నావు?" అని అడిగితే కథ చెప్పాను. ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. పెళ్ళయిన నాలుగో ఏట బోరు కోసం కుదువబెట్టిన నా కమ్మల సంగతి ఇద్దరికీ గుర్తొచ్చిందని నాకు తెలుసు. అవి తిరిగి రాలేదు. బోరులో నీళ్ళూ రాలేదు.

నవల చదివితే మాట్లాడ్డం వస్తుందా అంటే రాదు, ఆ మాట ముందే చెప్పేయాలి. పలకడానికి చెవి కావాలి, ఎదుటి మనిషి కావాలి. పత్రికల ఇంగ్లీషు, ఆఫీసు ఇంగ్లీషు వేరు, ఓలన్ సంసారంలో ఆ మాటలు దొరకవు. దొరికేది ఇంకొకటి. తెలియని మాట ఎదురైతే నిలబడిపోకుండా, భయపడకుండా, వాక్యం చివరిదాకా పోయే అలవాటు. పది పేజీలకే అది వస్తుంది. వచ్చాక ఎక్కడికైనా పనికొస్తుంది.

మొన్న మా సంఘానికి మళ్ళీ అప్పు కాగితాలు వచ్చాయి. ఈసారి "ఒక్క నిమిషం సార్" అని తీసుకుని చదివాను. మొదటి పేజీలో తెలియని మాటలు ఏడెనిమిది ఉన్నాయి, వాటిని దాటుకుని పోయాను. మూడో పేజీలో ఇన్సూరెన్సు అని ఉంది, ఒక్కొక్కరి అప్పులోంచి కొంత డబ్బు దానికి పోతుందని ఉంది, పక్కనే వాలంటరీ అని ఉంది. మొన్నటిదాకా ఊళ్ళో వాలంటీర్లు తిరిగారు కదా, తమంతట తాము ముందుకొచ్చినవాళ్ళని ఆ పేరు పెట్టారు. అయితే ఇది కూడా మనమంతట మనం ఒప్పుకుంటేనే. "ఈ బీమా మేం కావాలంటేనే కదా సార్?" అన్నాను. ఆయన కాగితం తీసుకుని, ఆ లైను తనే కొత్తగా చూసినట్టు చూశాడు. "అవునమ్మా, మీ ఇష్టమే" అన్నాడు. పదిమందిలో నలుగురు కావాలన్నారు, ఆరుగురు వద్దన్నారు. ఎవరి లెక్క వాళ్ళది. అడిగి తీసుకోవడం వేరు, తెలియకుండా కోసుకోవడం వేరు.

ఆ గుంపులో మా వదిన కూడా ఉంది. రాయదుర్గం నుంచి జీన్స్ ప్యాంట్లు తెచ్చుకుని ఇంట్లో కుడుతుంది, పదో తరగతి దాకా చదివింది. ఇంటికి రాగానే "ఆ పుస్తకమేదో నాకియ్యి" అని పట్టుకుపోయింది. నిన్నటికి పదహారు పేజీలయిందట. తెల్లారే ఫోన్ చేసి, "వదినా, వాడు పెండ్లి చేసుకోను పోయేటప్పుడు ఒళ్ళంతా కడుక్కుంటాడు సరే, వాళ్ళ నాయన నీళ్ళన్నీ వాడేస్తివని తిడతాడే, ఆ ముసలాయన మాటలకు అర్థం చూడాల్సిన పనే లేదు, మా మామ అట్లనే తిడతాడు" అంది. నా దగ్గర ఇప్పుడు ఆర్.కె. నారాయణ్ 'స్వామి అండ్ ఫ్రెండ్స్' ఉంది, పెద్దమ్మాయి పంపింది. ఇందులో బడి, పరీక్షలు, క్రికెట్టు. క్రికెట్టు మాటలకు మా చిన్నోడు సాయం చేస్తానన్నాడు, జీతం లేకుండా.